ఎక్స్‌రే తీస్తేనే అసలు లెక్క

యుక్తవయసు పిల్లల్లో నోరు, పళ్ల ఎదుగుదల లోపాలు ఎంత సాధారణమో లెక్కలతో చెప్పిన ఒక వ్యాసం చదివాను, బాగుంది. కానీ నోరు తెరిపించి చూసిన లెక్క వేరు, ఎక్స్‌రే తీసిన లెక్క వేరు. అసలు పుట్టని పన్ను, ఎముకలో అడ్డంగా ఇరుక్కున్న కోరపన్ను పైకి కనబడవు కదా! జ్ఞానదంతాలు పక్కన పెట్టినా, నూటికి ఆరుగురి దాకా ఏదో ఒక శాశ్వత దంతం పుట్టదు. ఆడపిల్లల్లో కాస్త ఎక్కువ.

మా అక్క కూతురికి పదమూడేళ్లొచ్చినా కింది దవడలో ఒక పాలపన్ను అలాగే ఉంది, పక్కవాటికన్నా చిన్నగా, తెల్లగా. "అదే ఊడుతుందిలే" అన్నారు ఇంట్లో. ఎక్స్‌రేలో చూస్తే దాని కింద పన్నే లేదు. వేర్లు గట్టిగా ఉన్నాయని డాక్టరు పీకకుండా వదిలేశారు. అలాంటి పాలపన్ను పెద్దయ్యాక కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుందట.

పై కోరపళ్లు 11-12 ఏళ్లకు వస్తాయి. పదేళ్లకే పై చిగురు మీద వేలితో తడిమితే ఉబ్బు తగలాలి. తగలకపోతే అప్పుడే చూపించండి. చాలామందికి అక్కడున్న పాల కోరపన్ను తీసేస్తే సరిపోతుంది. ఆలస్యమైతే సర్జరీ, క్లిప్పులు, బోలెడు ఖర్చు.

ఇంకో సందేహం. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ల మీద పడే మచ్చల్ని కూడా ఆ వ్యాసం లెక్కలో కలిపారా? కలిపితే నల్గొండ, ప్రకాశం జిల్లాల అంకె ఎక్కడికో పోతుంది.