మార్చురీ దగ్గరికి ముందు ఎవరొస్తున్నారు?

ఏ జిల్లా ఆసుపత్రికైనా పొద్దున్నే వెళ్లి మార్చురీ వైపు ఓ అరగంట నిలబడి చూడండి. రాత్రి హైవే మీద పోయిన మనిషి కోసం ఊరి నుంచి ఆటో కట్టించుకుని వచ్చినవాళ్లు చెట్టు కింద కూర్చుని ఉంటారు. పంచనామా రాయాల్సిన ఎస్సై ఇంకా రాలేదు, పోస్టుమార్టం చేయాల్సిన డాక్టరూ రాలేదు. ఒకాయన మాత్రం అప్పటికే వచ్చేసి ఉంటాడు. చంకలో ప్లాస్టిక్ ఫైలు, చొక్కా జేబులో రెండు పెన్నులు. ముందు అందరికీ టీ తెప్పిస్తాడు. ఎఫ్‌ఐఆర్ కాపీ నేను తెస్తా, పీఎం రిపోర్టు నేను తెప్పిస్తా, "మీకు రూపాయి ఖర్చు లేదమ్మా, డబ్బులొచ్చాకే చూసుకుందాం" అంటాడు. వకాల్తా మీద, అంటే లాయరుని పెట్టుకుంటున్నామనే కాగితం మీద, ఒక సంతకం, తెల్లకాగితాల మీద మూడు, ఇంకాస్త ముందుచూపు ఉన్నవాడైతే బ్యాంకు చెక్కుల మీద రెండు. దేని మీద పెట్టిందో ఆ ఇల్లాలికి తర్వాత గుర్తుండదు.

ఆయన్ని తిట్టడానికి ఈ సంపాదకీయం రాయడం లేదు. ఆయన వచ్చాడు, ఇంకెవరూ రాలేదు, మా గొడవల్లా అది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అంటే రోజుకి 460 మందికి పైనే. బస్సు కాలిపోయి ఇరవై మంది పోతే మంత్రులొస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, మేమూ మొదటి పేజీలో వేస్తాం. మిగతావాళ్లంతా బండి మీద పనికి పోతూనో, రోడ్డు దాటుతూనో, వెనక నుంచి వచ్చిన కారు గుద్దితే పోయినవాళ్లు. వాళ్లకి జిల్లా పేజీలో నాలుగు లైన్లు ఇస్తాం, అదీ చోటుంటే. ఆ నాలుగు లైన్ల తర్వాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మేమూ పెద్దగా పట్టించుకోలేదు, ఒప్పుకోవాలి.

చాలామందికి తెలియనిది ఏమిటంటే, ప్రమాద పరిహారం విషయంలో చట్టం పిసినారిది కాదు. ఒక లెక్క చూద్దాం. ముప్పై రెండేళ్ల తాపీమేస్త్రీ, నెలకి 18,000 సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. తాగినవాడో ఫోన్ చూస్తున్నవాడో నడిపిన కారు గుద్ది చనిపోయాడు. నలభై ఏళ్లలోపు వాడు, సొంతపని చేసుకునేవాడు కాబట్టి ముందుముందు సంపాదన పెరిగేదని 40 శాతం కలపాలని సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేఠీ కేసులో చెప్పింది. అలా 25,200 అయింది. ఏడాదికి 3,02,400. అతని మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు, కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 2,26,800 మిగులుతుంది. వయసుని బట్టి దీన్ని ఎంతతో గుణించాలో 2009లో సరళా వర్మ కేసులో పట్టికే ఇచ్చారు, 31 నుంచి 35 ఏళ్ల మధ్య వాళ్లకి 16. గుణించండి, 36,28,800. దీనిపైన అంత్యక్రియల ఖర్చు, భర్తని, తండ్రిని, కొడుకుని కోల్పోయినందుకు విడిగా ఇచ్చేవి ఉంటాయి.

ఇదే ఇంటికి కారు ఓనరు తరఫు పెద్దమనుషులు దినం కూడా కాకముందే వచ్చి, "కేసులూ కోర్టులూ ఎందుకు, రెండు లక్షలు ఇప్పిస్తాం, పోయిన మనిషి ఎలాగూ తిరిగిరాడు" అంటారు. ఇంట్లో బియ్యం లేనివాడికి రెండు లక్షలు చిన్న మొత్తం కాదు, ఆ మాట మేము తేలిగ్గా అనలేం. అసలు బెడద ఆ డబ్బు తీసుకోవడంలో లేదు, దాని బదులు ఇచ్చే మాటలో ఉంది. ఫిర్యాదు ఆలస్యమవుతుంది, లేదంటే 'గుర్తు తెలియని వాహనం' అవుతుంది, ఇంకా తెలివైనవాళ్లయితే 'బండి అదుపు తప్పి తనే పడ్డాడు' అని రాయిస్తారు. ఆ ఒక్క వాక్యంతో 36 లక్షల కేసు కాస్తా గాల్లో కలిసిపోతుంది, ఎందుకంటే ఎదుటి డ్రైవరు నిర్లక్ష్యం ఉందా లేదా అన్నది చూడ్డానికి పరిహారం తేల్చే కోర్టు, అదే ట్రిబ్యునల్, మొదట తెరిచేది ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటే.

ఆదాయం సంగతీ అంతే. మేస్త్రీకి పే స్లిప్ ఉండదు కదా. రుజువు లేదని ట్రిబ్యునల్ నెలకి 10,000 అనుకుని లెక్క వేసిందనుకోండి, పైన చెప్పిన పద్ధతిలోనే 20,16,000 వస్తుంది. తేడా 16 లక్షల పైచిలుకు. అతని ఫోన్‌పే స్టేట్‌మెంటు, కాంట్రాక్టరు కూలీ లెక్కలు రాసుకున్న నోట్‌బుక్కు, కట్టుకుంటున్న చీటీ పుస్తకం, పిల్లల స్కూలు ఫీజు రసీదులు, వీటిని జాగ్రత్త చేయమని చెప్పేవాడు ఒకడు ఉంటే చాలు. లాయరు సాయం అంటే కోర్టులో వాదించడం అనుకుంటాం గానీ, ఈ కేసుల్లో సగం సాయం అసలు ఇక్కడే, ప్రమాదం జరిగిన మొదటి పది రోజుల్లో. దెబ్బలు తగిలి బతికినవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. కుడిచేతి వేళ్లు పోయిన మేస్త్రీకి మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం అని రాస్తుంది, కానీ తాపీ పట్టుకోలేని మేస్త్రీ పోగొట్టుకున్నది మొత్తం బతుకుతెరువు. శరీరంలో ఎంత శాతం పోయిందని కాదు, సంపాదించే శక్తి ఎంత పోయిందో చూడాలని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. అడిగేవాడుంటేనే ఆ మాట ఉపయోగం.

ఇక ఆ ప్లాస్టిక్ ఫైలు పెద్దమనిషి దగ్గరికి వద్దాం. ఆయన వెనకాల ఒక లాయరుంటాడు, మధ్యలో పర్సెంటేజీ ఉంటుంది. నూటికి ఇరవై అనుకుంటే మన మేస్త్రీ భార్యకి రావాల్సిన దాంట్లో ఏడు లక్షల పాతికవేల పైన అక్కడే పోతుంది. వచ్చే డబ్బులో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం తప్పు. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ సంగతి మళ్లీ గట్టిగా చెప్పింది, అదీ తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే. భర్త ప్రమాదంలో చనిపోతే పరిహారం కోసం లాయరుని పెట్టుకున్న ఒకావిడ అప్పటికే 10 లక్షలు ఫీజు కట్టింది, ఆపైన 3 లక్షలకి బలవంతంగా చెక్కు రాయించుకున్నారన్నది ఆమె వాదన, లాయరేమో తన ఫీజు 16 శాతం అన్నాడు. చెక్కు బౌన్సయిందని ఆమె మీదే క్రిమినల్ కేసు! సుప్రీంకోర్టు ఆ కేసుని కొట్టేసి, ఫలితంలో శాతం అడగడం వృత్తి నియమాలకే విరుద్ధం అంది. ఆ తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా కోర్టు దగ్గరి టీకొట్టులో ఈరోజుకీ "ఎంత పర్సెంట్?" అనే అడుగుతారు.

ఇక్కడ మేము కొంచెం ఎదురు మాట్లాడతాం, లాయర్లు కోప్పడినా, లాయర్లంటే పడనివాళ్లు కోప్పడినా సరే. అమెరికాలో ఉండే మనవాళ్లని అడగండి, హైవే పొడుగునా యాక్సిడెంట్ లాయర్ల మొహాలతో హోర్డింగులు ఉంటాయి, గెలిస్తే వాటా అని బాహాటంగా రాసుకుంటారు, అక్కడ అది చట్టబద్ధం. ఇక్కడ ప్రకటనా నిషేధమే, వాటా కూడా నిషేధమే. నిషేధించడం వల్ల ఆగిందా అంటే ఆగలేదు, చీకట్లోకి పోయింది. రాతకోతలు లేవు, పరిమితి లేదు, అడిగితే చూపించడానికి కాగితం లేదు. చేతిలో పైసా లేనివాడి కేసుని తన డబ్బులు పెట్టుకుని పదేళ్లు మోసే మంచి లాయర్లూ ఉన్నారు, ఆ పర్సెంటేజీ ఆశే లేకపోతే చాలా ఇళ్లకి లాయరే దొరికేవాడు కాదన్నదీ నిజమే. అందుకే నిషేధం బోర్డు తగిలించి కళ్లు మూసుకోవడం మాకు నచ్చదు. పరిహారం అవార్డు ఇచ్చేటప్పుడే లాయరు ఫీజు ఎంతో ట్రిబ్యునల్ నిర్ణయించి తీర్పులో రాయాలి, అంతకు మించి తీసుకుంటే అడిగే దారి ఉండాలి. పరిహారం నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాలో వేయాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది, మంచిదే, కానీ మొదటిరోజే ఖాళీ చెక్కులు తీసుకున్నవాడికి అదేం అడ్డం?

కాబట్టి మళ్లీ మొదటిరోజుకే రావాలి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల నిబంధనలు చదివితే ఆశ్చర్యం వేస్తుంది, ఇంత బాగా రాసినవాళ్లు ఎవరా అని. ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు మొదటి నివేదిక ట్రిబ్యునల్‌కి పంపాలి. పది రోజుల్లో బాధితుల హక్కులేమిటో, ఏ మెట్టు తర్వాత ఏదో వివరించే ఫారం వాళ్ల చేతికివ్వాలి. తొంభై రోజుల్లో పూర్తి నివేదిక, అందులో లైసెన్సు, ఇన్సూరెన్సు, బండిని తనిఖీ చేసిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు రిపోర్టు అన్నీ. ఆ నివేదికనే ట్రిబ్యునల్ పరిహారం అర్జీగా తీసుకోవచ్చు. అంటే స్టేషను తన పని తాను చేస్తే ఫైలు పట్టుకుని తిరిగే మధ్యవర్తితో పనే లేదు. మా పాఠకుల్లో ఆ హక్కుల ఫారం చేతికి అందుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే మాకు రాయండి, ఆ స్టేషను పేరు పెద్దక్షరాల్లో వేస్తాం.

గుద్దేసి పారిపోయిన బండ్ల విషయం మరీ దారుణం. బండి దొరక్కపోయినా చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50,000 ప్రభుత్వ పథకం కింద వస్తాయి, కోర్టుకి పోనక్కర్లేదు, రెవెన్యూ అధికారులే విచారించి తేలుస్తారు. 2022లో దేశంలో ఇలాంటి ప్రమాదాలు 67 వేల పైచిలుకు. 2022-23లో వచ్చిన దరఖాస్తులు మాత్రం 205, అందులో తేలినవి 95. ఈ లెక్క చూసే 2024 జనవరిలో సుప్రీంకోర్టు, ఈ పథకం ఒకటుందని బాధితులకి పోలీసులే చెప్పాలని ఆదేశించింది. డబ్బు పెట్టి, దాన్ని తీసుకోడానికి ఎవరూ రాకుండా కాపాడుకున్న పథకాల్లో ఇదొకటి.

గడువు మాట కూడా చెప్పాలి. 1994 నుంచి పరిహారం కేసుకి గడువు ఉండేది కాదు, 2022 నుంచి ఆరు నెలలు అన్నారు. భర్త పోయిన ఆరు నెలలకి ఆమె ఇంకా మరణ ధ్రువపత్రంలో పేరు తప్పు సరిచేయించుకుంటూ ఉంటుంది. ఈ గడువు సంగతి సుప్రీంకోర్టు ముందుంది, ఆలస్యమైందని కేసులు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం ఇచ్చింది. దాన్ని నమ్ముకుని కూర్చోకండి, ఆరు నెలల్లోనే వేసేయండి. ప్రమాదం బెంగళూరులో జరిగినా, షోలాపూర్ దగ్గర జరిగినా మీరుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, వలస పోయినవాళ్ల కుటుంబాలకి ఈ మాట ఎవరూ చెప్పరు.

చట్టంలోనే ఉన్న పెద్ద చిల్లు ఒకటుంది, దాన్ని ఏ లాయరూ పూడ్చలేడు. మిరపకాయ కోతలకి ట్రాలీ ఆటోలో, ట్రాక్టరు తొట్టిలో పాతికమందిని ఎక్కించుకుని పోతారు, పల్నాడులో, ఖమ్మంలో సీజనంతా చూస్తూనే ఉంటాం. అది బోల్తా పడితే ఇన్సూరెన్సు కంపెనీ "సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించుకున్నారు, మా పాలసీ వర్తించదు" అంటుంది, కోర్టులు కూడా చాలాసార్లు సరేనన్నాయి. ఇక ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి, ఓనరు ఆస్తి ఆ ట్రాక్టరే. కూలీలకి వేరే బండి లేనప్పుడు, ఎక్కొద్దని చెప్పడం ఎవరికి చెప్పినట్టు? సీజనులో కూలీల ప్రయాణానికి విడిగా బీమా తప్పనిసరి చేసి, ఆ ప్రీమియం రెండు రాష్ట్ర ప్రభుత్వాలే కట్టాలని మేము అడుగుతున్నాం.

ఇంకొకటి కూడా అడుగుతున్నాం, ఇది ఖర్చు లేనిది. ప్రతి జిల్లాలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, పిల్లలకి, వికలాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 నాటి చట్టమే చెబుతోంది. అంటే మన మేస్త్రీ భార్యకి మొదటి రోజునుంచే ఉచిత లాయరు హక్కు. కానీ ఆ సంస్థ కోర్టు ఆవరణలో ఉంటుంది, ఆమె మార్చురీ దగ్గర ఉంటుంది. ఆ సంస్థ తరఫున జనానికి చట్టం సాయం చెప్పే పారా లీగల్ వాలంటీరుని ఒకరిని ప్రతి పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో పొద్దున ఆరింటికల్లా కూర్చోబెట్టండి, చేతిలో తెలుగులో అచ్చేసిన ఆ హక్కుల ఫారంతో. ఫైలాయన కంటే ముందు.

అప్పటిదాకా, మీవాళ్లెవరికైనా ఇలా జరిగితే: బండి నంబరు, ప్రమాదం జరిగిన చోటు ఫోన్లో ఫోటో తీయించండి. ఫిర్యాదు ఆరోజే ఇవ్వండి, రాసింది చదివించుకుని సంతకం పెట్టండి, కాపీ ఉచితంగా అడిగి తీసుకోండి. 2025 మే నుంచి వచ్చిన పథకం కింద గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో వారం రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేయాలి, అడగండి. లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే పైన చెప్పిన లెక్క ముందు వేసుకుని వెళ్లండి, అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు లేదు. ఉచిత లాయరు కావాలంటే 15100కి ఫోన్ చేయండి. టీ తెప్పిస్తే తాగండి, ఖాళీ చెక్కు మాత్రం ఇవ్వకండి.