సవరణ: పిడుగు కడ్డీ ఉన్నా ప్లగ్గులు పీకాల్సిందే

ఉరుముల వానల గురించి మొన్న పెట్టిన పోస్టులో "మేడ మీద రాగి కడ్డీ పెట్టించి ఎర్త్ చేయిస్తే టీవీ, ఫ్రిజ్‌లకు కూడా టెన్షన్ లేదు, ఎలాగూ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్) పడిపోతుంది" అని రాశాను. అది తప్పు.

ఆ కడ్డీ కాపాడేది కట్టడాన్ని. పిడుగును గోడలు పగలకుండా, మంటలు రేగకుండా భూమిలోకి దింపుతుంది, అంతే. సామాన్లకు దెబ్బ ఎక్కువగా తీగల వెంట వస్తుంది. వీధి చివరి స్తంభం దగ్గర పడినా సరే, కరెంటు వైరు, కేబుల్ వైరు పట్టుకుని ఆ పోటు (ఒక్కసారిగా ఎగసే కరెంటు) ఇంట్లోకి దూరుతుంది. ఎంసీబీ కదలడానికి మిల్లీసెకన్లు పడుతుంది. పిడుగు పోటు మైక్రోసెకన్లలోనే కొట్టేస్తుంది. అందుకే మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ (ఆ పోటును ఎర్త్‌లోకి మళ్లించే పరికరం) విడిగా ఉండాలి, దానికి ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. పిడుగు రక్షణకు మన దేశంలో పాటించే ఐఎస్/ఐఈసీ 62305 ప్రమాణం కూడా కట్టడం రక్షణను, లోపలి ఎలక్ట్రానిక్ పరికరాల రక్షణను వేర్వేరు భాగాలుగానే చెబుతుంది.

మరీ దగ్గర్లో పడితే ప్రొటెక్టర్‌కీ గ్యారంటీ లేదు. మబ్బు కమ్మగానే ప్లగ్గులు, సెట్‌టాప్ బాక్సు వైరు పీకేయండి. స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు. ఉరుములు మొదలయ్యాక మాత్రం వాటి జోలికి వెళ్లొద్దు.