పైనుంచి చూశారు సరే, కింద కదిలేదెవరు?

వందకు పన్నెండు. భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు భారీగా లీకవుతోందని ఉపగ్రహాలు పట్టిచ్చిన చోట్లపై ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం ప్రభుత్వాలకు, కంపెనీలకు పంపిన హెచ్చరికల్లో జవాబు వచ్చినవి ఇన్నే. అంతకు ముందు ఏడాది వందకు ఒక్కటే. ఒకటి పన్నెండైంది కాబట్టి ఇది ముందడుగేనని 2025లో లెక్క చెప్పారు. మరి మిగతా 88? దున్నపోతు మీద వాన. ఆ హెచ్చరికల్లో ఎక్కువ భాగం చమురు, గ్యాస్ క్షేత్రాలవి. యజమాని ఎవరో ఇట్టే తెలిసే చోటే ఇలా ఉంటే, అదే ఏర్పాటు బొగ్గు గనులకు, చెత్త డంపులకు విస్తరించాక ఏం జరుగుతుందో ఊహించడానికి ఉపగ్రహం అక్కర్లేదు.

గనులైనా, డంపులైనా ‘మా దృష్టికి రాలేదు’ అనే మాటకు కాలం చెల్లింది. అమెరికా ఉపగ్రహాల వరస ల్యాండ్‌శాట్ 1972 నుంచి నేలను ఫొటో తీస్తోంది. 2008 నుంచి ఆ ఫొటోలు ఎవరికైనా ఉచితం. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి వచ్చి చూసిపోతాయి. వాటి ఫొటోలో ఒక్కో గడి పది మీటర్లు, అంటే రెండు మూడు లారీలు పక్కపక్కన ఆగే జాగా. నిన్నటిదాకా పచ్చగా ఉన్న గడులు వరసగా మట్టి రంగుకు తిరిగాయంటే అక్కడ పొక్లెయిన్ దిగిందేమో వెళ్లి చూడాలి. మబ్బు పడితే రాడార్ ఉంది, దానికి చీకటీ అడ్డం కాదు. తవ్వకానికి ముందు, తర్వాత తీసిన ఎత్తుల మ్యాపుల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఎన్ని ఘనపు మీటర్లు తరలిపోయిందో సుమారుగా తేలుతుంది. పర్మిట్ కాగితం పక్కన పెట్టుకుంటే మిగతా కథ అదే చెబుతుంది.

చెత్త కుప్పల సంగతీ అంతే. బ్యూనస్ ఎయిరిస్, ఢిల్లీ, లాహోర్, ముంబయి నగరాలపై 2022లో ఒక అధ్యయనం వచ్చింది. అక్కడ వెలువడే మీథేన్, మామూలుగా వాడే కాగితాల మీది అంచనాల కన్నా 1.4 నుంచి 2.6 రెట్లు ఎక్కువని ఉపగ్రహాలు తేల్చాయి. ఒక్క బ్యూనస్ ఎయిరిస్ డంపు వాతావరణానికి చేసే చేటు దాదాపు 15 లక్షల కార్లతో సమానమట!

ఉపగ్రహ చిత్రమే తుది సాక్ష్యం కాదని, ఎవరో ఒకరు వెళ్లి చూడాలని అధికారులు అంటారు. నిజమే. ఆ వెళ్లమనే కదా మేమూ అంటున్నది!

మా భయమల్లా ఒక్కటే. హెచ్చరిక పంపడమే పని పూర్తయినట్టు లెక్క అయిపోతోంది. పైవాడు మెయిల్ పంపి చేతులు దులుపుకొంటాడు, కిందివాడు ‘పరిశీలనలో ఉంది’ అని రాసుకుంటాడు. తెలియక ఊరుకోవడం నిన్నటి పాపం. తెలిసీ ఊరుకోవడం రేపటికి ఆనవాయితీ అవుతోంది, అది కూడా ఫైల్లో తేదీలతో సహా.

బ్రెజిల్‌లోని బ్రుమాదిన్హోలో 2019 జనవరి 25న ఇనుప గని వ్యర్థాల ఆనకట్ట కూలింది. 270 మంది బురదలో కలిసిపోయారు. కట్ట మిల్లీమీటర్ల లెక్కన కదులుతున్న తీరును ఉపగ్రహ రాడార్ డేటాలో చూసి ఉంటే, కూలే సమయాన్ని దాదాపు 40 రోజుల ముందే అంచనా వేయగలిగేవారని 2021లో ఒక పరిశోధన తేల్చింది. దీనిపై నిపుణుల్లో భేదాభిప్రాయాలున్నాయి, ఉండనీయండి. ఆ లెక్క కట్టింది మాత్రం జనం పోయాకే.

కదిలితే ఫలితం ఉండదా? ఉంటుంది. పెరూలోని లా పంపాలో అక్రమ బంగారు తవ్వకాలు అడవిని తినేస్తున్నాయని ఉపగ్రహ చిత్రాలు ఏళ్ల తరబడి మొత్తుకున్నాయి. 2019 ఫిబ్రవరిలో ప్రభుత్వం పోలీసుల్ని, సైన్యాన్ని దించాకే అడవి నరికివేత అక్కడ ఒక్కసారిగా పడిపోయింది. కొంత పక్క ప్రాంతాలకు తరలిందనుకోండి. కానీ తవ్వకం ఆపింది ఫొటో కాదు, బూట్లేసుకుని వెళ్లినవాళ్లు.

ప్రతి హెచ్చరికనూ పట్టికలో రాసి జనం ముందు పెట్టండి. ఏ గని, ఏ డంపు, ఏ తేదీన చెప్పారు, ఏ అధికారికి చెప్పారు, ఆయన ఏం చేశాడు. నెల దాటినా చివరి గడి ఖాళీగా ఉంటే ఆ ఖాళీ కూడా అందరికీ కనపడాలి. ఆ ఒక్క గడి నింపలేని వాళ్లు ఇంకో ఉపగ్రహానికి డబ్బు కావాలని చేయి చాపడానికి సిగ్గుపడాలి.