"కళ్ళు మూసుకుని దూకెయ్ బ్రో" అనే సలహా గురించి

ఈమధ్య బ్యాక్‌ఫ్లిప్ (నిలబడి గాల్లో వెనక్కి పల్టీ కొట్టడం) రీల్ ఏది చూసినా కింద ఇదే మాట, "బ్యాక్‌ఫ్లిప్ అంటే 90 శాతం మైండ్, 10 శాతమే బాడీ, కళ్ళు మూసుకుని ఒక్కసారి దూకెయ్ బ్రో, భయం దానంతటదే పోద్ది, మ్యాట్లు గీట్లు పిరికోళ్ళకి" అని. మా తైక్వాండో బ్యాచ్ గ్రూప్‌లో కూడా ఒక తమ్ముడు పెట్టాడు, కింద అన్నీ మంటల ఎమోజీలే. మూడేళ్ళ కింద నేనూ ఇలాంటి మాటే నమ్మి దూకా, నా మోకాలొచ్చి నా ముక్కుకే తగిలింది, అందుకే ఊరుకోలేక రాస్తున్నా.

ముందు ఆ 90-10 లెక్క. ఎవరు కొలిచారండీ? ఆ మాట అనేవాడికి అది నిజమే కావచ్చు, ఎందుకంటే వాడు ఆల్రెడీ నడుమెత్తు ఎగరగలడు, వాడికి మిగిలింది మైండ్ ఒక్కటే. ఎత్తు ఎగరలేనివాడికి వేసే భయం మాత్రం కరెక్ట్ భయం.

కళ్ళు మూసుకోడం ఇంకా దారుణం. భయంతో దూకేవాడు చేసే మొదటి తప్పు లేస్తూనే తల వెనక్కి పడేయడం, దాంతో ఎత్తు రాదు. చేతులు పైకి విసిరి, చూపు ఎదురుగా పెట్టి, పూర్తిగా లేచాక మోకాళ్ళు గుండెలకి లాక్కోవాలి, తిరిగాక నేల కనబడగానే విప్పాలి, ఆ నేల కనబడకపోతే ఎప్పుడు విప్పాలో ఎలా తెలుస్తది? ఒక్క విషయం ఒప్పుకుంటా, దూకాక సగంలో మనసు మార్చుకుంటే మెడ మీద పడతాం, అది నిజం. కానీ సగంలో మనసు మారేదే గాల్లో ఏం జరుగుతోందో తెలియక కదా.

"ఒకసారి వస్తే భయం పోద్ది" అంటే అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ సంగతేంటి? టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, వాల్ట్ (పరిగెత్తుకొచ్చి బల్ల మీద చేతులాన్చి ఎగిరే పోటీ) మీద రెండున్నర ట్విస్టులు (గాల్లో ఒంటిని బొంగరంలా తిప్పడం) తిరగాల్సింది గాల్లో దిక్కు తెలియక ఒకటిన్నరకే ఆగి, టీమ్ ఫైనల్ నుంచి తప్పుకుంది. తర్వాత బీమ్ (సన్నటి దూలం మీద చేసే పోటీ) నుంచి చివర్లో కిందికి దూకేది ట్విస్ట్ లేకుండా పెట్టుకుని అందులో కాంస్యం తెచ్చుకుంది, 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు. ఆమెకి ధైర్యం తక్కువని ఎవడైనా అనగలడా?

ఇసకలో నేర్చుకోవచ్చంటారు, పడితే మెత్తగా ఉంటది కానీ ఇసకలో కాలు దిగబడి ఎగరలేం. కాలవలో పల్టీలు కొట్టడం తిరిగే భయానికి మంచిదే, ఈత వచ్చి, లోతు తెలిస్తే. ల్యాండింగ్ మాత్రం నీళ్ళు నేర్పవు.

నా ముక్కు మానాక మా మాస్టారు అడిగింది ఒక్కటే, "నీకు భయం ఎక్కడ వేస్తోంది? లేచేటప్పుడా, తలకిందులప్పుడా, దిగేటప్పుడా?" నాది మధ్యలో ఏమీ కనబడని ఆ క్షణం. అందుకని కపొయెరా అనే బ్రెజిల్ యుద్ధకళలో ఉండే మకాకో చేయించారు, గొంతుక్కూర్చుని ఒక చెయ్యి వెనక నేలకి ఆనించి నడుముని పైనుంచి తిప్పడం, పోర్చుగీసులో ఆ మాటకి కోతి అని అర్థం, నేను చేస్తే అచ్చం అలాగే ఉండేది. చెయ్యి నేల మీద ఉంటది కాబట్టి ఎక్కడున్నామో తెలుస్తది. రెండు నెలలు అదే. తర్వాత ఫ్లిప్‌కి మాస్టారి చెయ్యి నడుం కింద, తర్వాత ఊరికే పక్కన నిలబడ్డారు, తర్వాత మందం మ్యాట్ ఒక్కటే. ఒట్టి నేల మీద కొట్టిన రోజు కూడా భయమేసింది, కాకపోతే ఏం చెయ్యాలో కాళ్ళకి తెలుసు.

ఇప్పుడు బటర్‌ఫ్లై ట్విస్ట్ (ఒళ్ళు నేలకి అడ్డంగా ఉంచి గాల్లో చుట్టు తిరగడం) దగ్గర మళ్ళీ ఆగిపోయా, ఇంకా ట్విస్ట్ లేని బటర్‌ఫ్లై కిక్కే కొడుతున్నా. తమ్ముడూ, ఆదివారం పొద్దున రా, పెద్ద మ్యాట్ ఖాళీగానే ఉంటది, నీ మకాకో చూద్దాం.