గౌరవ ఎమ్మెల్యే గారి ప్రత్యేక చొరవతో...

మా ఊరి బస్టాండు దగ్గర కొత్త ఫ్లెక్సీ వెలిసింది. "గ్రామానికి నిధుల వరద పారించిన అభివృద్ధి ప్రదాత, గౌరవ ఎమ్మెల్యే గారికి శతకోటి వందనాలు." సారు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు. కింద స్టాంపు సైజు తలకాయలు వరసగా. ఇంతకీ వరద ఎంతయ్యా అంటే 5 లక్షలు. దేనికయ్యా అంటే మురికినీళ్ల మోరీకి.

సారు కృషిని తక్కువ చేసే ఉద్దేశం నాకు బొత్తిగా లేదు. కాకపోతే ఆ 5 లక్షలూ కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంటువి. ఏ రాష్ట్రంలో పల్లెలకు ఎంత రావాలో తేల్చడానికి 15వ ఆర్థిక సంఘం జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం వెయిటేజీ ఇచ్చింది. అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని కూడా చెప్పింది. డబ్బు పంచాయతీ ఖాతాకే వస్తుంది. మరి జనాభాను పెంచడంలో గానీ, ఊరి పొలిమేరను అటూ ఇటూ జరపడంలో గానీ సారు ప్రత్యేక చొరవ ఏమిటన్నది ఫ్లెక్సీలో వివరించలేదు. బహుశా స్థలాభావం.

ఇక భూమిపూజ. పొద్దున పదింటికన్నారు, సారు ఒంటిగంటకు వేంచేశారు. ఇక్కడో చిన్న సాంకేతిక సమస్య వచ్చింది. కాంట్రాక్టరు తొందరపడి రెండు రోజుల ముందే జేసీబీతో మోరీ మొత్తం తవ్వేశాడు. తవ్వేసిన చోట సారు ఏం తవ్వాలి? కార్యకర్తలు హుటాహుటిన తట్టలతో మట్టి మోసి గజం మేర పూడ్చారు. సారు మడమలు బురద కాకుండా పైన పచ్చ కార్పెట్ పరిచారు. గడ్డపారకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. సారు మొదటి పోటు పత్రికల వాళ్ల కోసం వేశారు. డ్రోన్ కింది నుంచి పైకి లేవడం ఆలస్యమైందని రెండో పోటు. ఆ లోపు జడ్పీటీసీ టికెట్ ఆశిస్తున్నాయన వచ్చి గడ్డపార మీద చెయ్యేశాడు, ఆయన ప్రత్యర్థి కూడా వేశాడు, చివరికి ఆ ఒక్క గడ్డపార మీద తొమ్మిది చేతులు. మూడో పోటు రీల్స్‌కు. సారు కారెక్కగానే పూడ్చిన మట్టిని మళ్లీ తవ్వారు. ఆ కూలి ఏ పద్దులో రాయాలో తెలియక పంచాయతీ కార్యదర్శి ఇంకా టెన్షన్ పడుతున్నాడు.

శిలాఫలకం మాత్రం నల్ల గ్రానైటు. ఎంపీ పేరు, ఎమ్మెల్యే పేరు, అధికారుల పేర్లు అన్నీ ప్రోటోకాల్ ప్రకారం చెక్కారు. గ్రామ సర్పంచ్ పేరు ఆఖరి వరసలో, కూర్చుని చూస్తే కనబడుతుంది. మోరీ రెండు వానాకాలాలు ఆగితే గొప్ప. రాయికి ఢోకా లేదు.

సరే, ఇంతటి చొరవ గల సార్లు మొన్నటిదాకా ఎక్కడున్నారని అడగాలనిపిస్తుంది. 2024 ఫిబ్రవరి 1న తెలంగాణలో సర్పంచుల పదవీకాలం ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో అంతా ప్రత్యేకాధికారుల పాలన. పాలకవర్గాలు లేవని ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోయాయి. వీధి దీపాలకు, ట్రాక్టరు డీజిలుకు కార్యదర్శులు చేతి నుంచి పెట్టుకున్నారు. అప్పుడు ఒక్క ఫ్లెక్సీ లేదే? "నిధులు ఆగిపోవడానికి సహకరించిన గౌరవ ఎమ్మెల్యే గారికి" అని ఎవరూ కట్టలేదే?

అంతకుముందు సర్పంచుల కథ తలుచుకుంటే వ్యంగ్యం రాయబుద్ధి కాదు. 2019లో పల్లె ప్రగతి అన్నారు. వైకుంఠధామం కట్టు, డంపింగ్ యార్డు కట్టు, నర్సరీ పెట్టు. మొక్కల్లో 85 శాతం బతక్కపోతే పదవి ఊడుతుందని 2018 పంచాయతీరాజ్ చట్టం చూపించి బెదిరించారు. వాళ్లు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టారు. ఇంజినీరు (ఏఈ) వచ్చి పనిని కొలిచి కొలతల పుస్తకం (ఎంబీ) రాశాడు, చెక్కులు ట్రెజరీలో పడుకున్నాయి. కట్టించింది ఒక ప్రభుత్వం, తర్వాత వచ్చింది ఇంకొకటి, బాకీ మాత్రం సర్పంచుదే. ఆడవాళ్ల మెడలో పుస్తెలు కుదువకు పోయాయి. పొలాలు అమ్ముకున్నారు. ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. బిల్లులడగడానికి చలో అసెంబ్లీ అంటే తెల్లారకముందే ఇంటికొచ్చి స్టేషన్‌కు తీసుకెళ్లారు. అప్పు తెచ్చి ఊరికి శ్మశానం కట్టిన మనిషిని దొంగను పట్టినట్టు పట్టుకుపోతుంటే, దాన్ని రిబ్బన్ కత్తిరించి ప్రారంభించిన ఏ పార్టీ సారూ స్టేషన్‌కు వచ్చి "ఈ బిల్లు నాది, నేను తెప్పిస్తా" అనలేదు. సిగ్గనేది ఉంటే ఆ ఊరికి మళ్లీ గడ్డపార పట్టుకుని రాగలరా?

వస్తారు. వచ్చారు కూడా. కాబట్టి నాదొక విన్నపం. ఇకమీదట శిలాఫలకాల్లో సారు పేరు ఎంత పెద్దగానైనా చెక్కించుకోండి. కింద రెండు వరసలు వదలండి చాలు. ఈ పనికి అప్పు తెచ్చిన వ్యక్తి పేరు, వడ్డీ ఎంత, బిల్లు ఎన్నేళ్లుగా పెండింగులో ఉంది అన్నది రాయిస్తాం. గ్రానైటు ఖర్చు ఎలాగూ సర్పంచుదే.