లెక్కలు అడిగినందుకు ప్రభుత్వమే పోయింది

ఇరాన్ పేరు వార్తల్లోకి రాగానే ఒంగోలు టీ కొట్ల దగ్గర మొదటి ప్రశ్న ‘పెట్రోలు పెరుగుద్దా?’ అని. నన్నడిగితే అంతకంటే పాత ప్రశ్న ఒకటుంది: ఆ చమురు లెక్కలు ఎవరు చూడాలి?

1953 ఆగస్టు 19న అమెరికా, బ్రిటన్ గూఢచారులు ఇరాన్ ప్రధాని మొసాదిక్ ప్రభుత్వాన్ని కూలదోయించిన సంగతి తెలిసిందే. కమ్యూనిస్టులు వస్తారన్న భయంతోనే చేశామన్నారు. నేను నమ్మను. అసలు తగాదా లెక్కల పుస్తకం దగ్గర వచ్చింది. ఇరాన్‌లో చమురు తీసే ఆంగ్లో ఇరానియన్ కంపెనీలో పెద్ద వాటా బ్రిటన్ ప్రభుత్వానిదే. ఆ నూనె మీద ఇరాన్‌కు దక్కే రాయల్టీ కంటే లండన్‌కు చేరే పన్నే ఎక్కువ. పక్కనే సౌదీకి 1950లో అమెరికా కంపెనీ సగం లాభం ఇచ్చింది. ఇరాన్ లెక్కలు చూపించమంటే ఈ కంపెనీ మాత్రం ససేమిరా అంది. 1951లో పార్లమెంటు చమురును జాతీయం చేసింది. ఆ చమురు ఎవరూ కొనకుండా బ్రిటన్ అడ్డుపడింది. 1952లో రోజ్ మేరీ అనే ట్యాంకర్ ఇరాన్ చమురుతో వెళ్తుంటే అప్పట్లో తన ఏలుబడిలో ఉన్న ఏడెన్‌లో పట్టేసుకుంది కూడా.

కుట్ర ఫలించాక, 1954లో చమురు కంపెనీల కూటమి ఒకటి కట్టి పంపకాలు చేశారు. అంతకుముందు అక్కడ చుక్క నూనె వాటా లేని అమెరికా కంపెనీలకు 40 శాతం! కమ్యూనిజం భయానికి ఇదేం మందు? లాభంలో సగం ఇస్తామని ఒప్పుకున్న కొత్త కూటమి కూడా లెక్కల పుస్తకాలు మాత్రం ఇరాన్ ఆడిటర్లకు చూపించనంది.

మొసాదిక్ తప్పులు చేయలేదని కాదు. రెఫరెండం పెట్టి పార్లమెంటునే రద్దు చేశారు. సొంత సైన్యంలో, మతపెద్దల్లో కొందరు అవతలి పక్షాన చేరారు. ఇంటిదొంగలు ఎక్కడైనా ఉంటారు. అంతమాత్రాన బయటివాడికి తాళం పగలగొట్టే హక్కు రాదు.

ఇదంతా మనకెందుకంటారా? కర్నూలు రోడ్డు మీద చీమకుర్తిలో కాసేపు నిలబడండి. లారీకి ఒక్కటే నల్లరాయి, దాని ఒంటి మీద పెయింటుతో నంబరు. ఆ బరువుకి లారీ నడవదు, పాకుతుంది. ఈ నల్లరాయే గెలాక్సీ గ్రానైటు. చాలావరకు ముడి బ్లాకుగానే ఓడెక్కి చైనా దాకా పోతుంది. అక్కడ కోసి, పాలిష్ పట్టి అడుగు ఎంతకు అమ్ముతారో రాయి పుట్టిన ఊరికి తెలీదు. ప్రభుత్వానికి సీనరేజి (తవ్విన రాయి మీద కట్టే రుసుము), ఊరికి దుమ్ము.

క్వారీలన్నీ జాతీయం చేయమని నేననను. ఏటా ఎన్ని క్యూబిక్ మీటర్లు తీశారో, ఎంతకు అమ్మారో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయమనండి చాలు. ముందు ఎవరు అడ్డమొస్తారో చూద్దాం.