కాల్ ముగిసిందని తీగ చెప్పదు

ఊరందరి నోటా ఉన్న ల్యాండ్‌లైన్ నంబరును వదులుకోవడం ఏ ఆసుపత్రికైనా, ఏ కళాశాలకైనా కష్టమే. వదులుకోనక్కర లేదు కూడా. నంబరును అలాగే ఉంచి, దాని వెనుక ఆస్టరిస్క్‌ను, అంటే మామూలు కంప్యూటర్‌నే ఆఫీసు టెలిఫోన్ ఎక్స్ఛేంజీగా మార్చే సాఫ్ట్‌వేర్‌ను, పెట్టుకోవచ్చు. మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని కోడ్ అందరికీ తెరిచి ఉంది. ఒక కంప్యూటర్, ల్యాండ్‌లైన్ తీగను అందుకునే కార్డు ఉంటే సరిపోతుందని చాలామంది నమ్మకం. సరిపోదని నా అభిప్రాయం.

కార్డులో పోర్టులు రెండు రకాలు. ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే తీగకు ఎఫ్ఎక్స్ఓ, బల్ల మీది మామూలు ఫోనుకు ఎఫ్ఎక్స్ఎస్. రెండోది తానే ఎక్స్ఛేంజీలా కరెంటునూ రింగునూ పంపుతుంది కాబట్టి వీటిని తారుమారు చేయకూడదు. ఇంతవరకూ ఒక పూటలో నేర్చుకోవచ్చు.

అసలు చిక్కు అవతలి మనిషి ఫోను పెట్టేశాక మొదలవుతుంది. బిజీ టోన్ వినగానే మనం రిసీవర్ పెట్టేస్తాం. యంత్రానికి ఆ సంగతి ఎవరో చెప్పాలి. ఎక్స్ఛేంజీ తీగలోని ప్లస్, మైనస్‌లను తిప్పితేనో, కరెంటును క్షణం పాటు ఆపితేనో దానికి తెలుస్తుంది. ఆ రెండూ లేకపోతే లైను అలాగే పట్టుబడి ఉంటుంది. తర్వాత ఫోను చేసిన రోగి బంధువుకు బిజీ టోనే వినిపిస్తుంది. టోన్‌ను గుర్తుపట్టి లైను వదిలేలా ఆస్టరిస్క్‌కు నేర్పవచ్చు. భారతదేశానికి దానిలో రాసి ఉన్న బిజీ టోన్ 400 హెర్ట్‌జ్, ముప్పావు సెకను మోత, ముప్పావు సెకను మౌనం. కానీ ఒక్కోసారి మనిషి గొంతునే టోన్ అనుకుని మాట మధ్యలో కాల్ తెంచేస్తుంది. అందుకే దాన్ని చివరి మార్గంగానే చూడాలి.

కోడ్ తెరిచి ఉండటం ఎంత విలువైనదో కాలర్ ఐడీ దగ్గర తెలుస్తుంది. అమెరికాలో ఫోను చేసినవారి నంబరు మొదటి రెండు రింగుల మధ్య వస్తుంది. మన దేశంలో చాలా లైన్లలో రింగుకు ముందే, ప్లస్, మైనస్‌లు తిరిగాక, బటన్లు నొక్కినప్పుడు వినిపించే స్వరాలుగా వస్తుంది. ఆస్టరిస్క్‌లో దీనికోసమే ‘పోలారిటీ ఇన్’ అనే అమరిక ఉంది. ఆ ‘ఇన్’ ఇండియాయే. కోడ్ మూసిపెట్టిన ఎక్స్ఛేంజీ పెట్టెను కొనుక్కుంటే ఇలాంటి మార్పు కోసం కంపెనీ దయ తలచే దాకా ఎదురుచూడాలి.

కార్డు కొనకముందే ఒక పరీక్ష చేయండి. లైనుకు మామూలు ఫోనుతో పాటు వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ తగిలించండి. మొబైల్ నుంచి ఆ నంబరుకు ఫోను చేసి, ఇక్కడ ఎత్తి, మొబైల్‌లో కాల్ ముగించండి. మీటరులో ప్లస్ మైనస్‌గా మారకుండా, రీడింగు క్షణమైనా సున్నాకు పడకుండా ఉంటే, ముందు ఎక్స్ఛేంజీకి వెళ్లి ఆ సంకేతం ఇవ్వమని అడగండి.